ఒకే కొట్టు, మూడు లెక్కలు: ఉచిత ఇన్‌స్టాలర్‌తో పాత బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను దారిలో పెట్టిన కేసు

పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారి ఉన్నారు. అసలు కొట్టు గజపతి జిల్లా కేంద్రమైన ఆ ఊళ్ళోనే. రాయగడ జిల్లా గుణుపూర్‌లో ఒక బ్రాంచి, సరిహద్దు దాటగానే వచ్చే శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఇంకో బ్రాంచి. మూడు ఊళ్ళూ నౌపడ–గుణుపూర్ రైలు మార్గం మీదివే. వ్యాపారం ఒకటే అయినా రాష్ట్రాలు రెండు కాబట్టి జీఎస్టీ నంబర్లు రెండు. ఒడిశాది 21తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో.

మూడు చోట్లా వాడేది ఒకే బిల్లింగ్ ప్రోగ్రామ్. విజువల్ బేసిక్ 6లో రాసింది, దాని డేటా అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్‌లో (ఎండీబీ) ఉంటుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దాన్ని మార్చి ఇచ్చిన ప్రోగ్రామర్ తర్వాత ఊరు వదిలి వెళ్ళిపోయారు. సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. కొత్త ప్రోగ్రామ్ కొనమని చెప్పడం తేలికే. కానీ గుమస్తాల చేతులకు ఆ స్క్రీన్లు అలవాటైపోయాయి, అందులో తప్పుగా వచ్చే లెక్కా లేదు. ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా దాన్ని మెషీన్‌లోకి ఎక్కించే పద్ధతిని మాత్రం సరిచేయగలమా అన్నదే నా ముందున్న ప్రశ్న.

నన్ను పిలిపించిన కారణాలు రెండు. పాతపట్నంలో విండోస్ 11తో కొత్త కంప్యూటర్ కొన్నారు. ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కాపీ చేస్తే ప్రోగ్రామ్ తెరుచుకోలేదు, ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ (స్క్రీన్ మీది జాబితాల లాంటి వాటికి ప్రోగ్రామ్ వాడుకునే విడిభాగం ఫైల్) విండోస్‌లో సరిగ్గా రిజిస్టర్ కాలేదన్న ఎర్రర్ వచ్చింది. రెండోది దీనికంటే చాలా పెద్దది. పర్లాకిమిడి కొట్లో ఒకే బిల్లు నంబరు ఇద్దరు వేర్వేరు పార్టీల పేర్ల మీద వెళ్ళింది. స్టాకు కలవడం లేదు. అనుమానం ఎప్పటినుంచో పనిచేస్తున్న గుమస్తా మీదకు మళ్ళింది. ఆయన నాతో అన్న మాట ఇది: "బాబూ, నేను కొట్టిన బిల్లులన్నీ నాకు కనబడుతున్నాయండి. అదే మెషీన్లో అయ్యగారు తీస్తే ఒక్కటీ ఉండటం లేదు. నేనేం చెప్పినా నమ్మరు మరి."

ఒకే మెషీన్, మూడు ఫైళ్ళు

ఆయన చెప్పిన ఆ ఒక్క వాక్యంలోనే రోగం ఏమిటో ఉంది. కంప్యూటర్ ఒకటే, విండోస్ లాగిన్లు రెండు: యజమానిది, గుమస్తాది. ప్రోగ్రామ్‌ను ఎవరో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాపీ చేశారు. ఈ ప్రోగ్రామ్ తన డేటా ఫైల్‌ను తన పక్కనే, అదే ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చాలామంది అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తోనే పనిచేసేవారు కాబట్టి అది నడిచిపోయేది. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు వాడకందారు రాయడానికి వీల్లేదు. అలాగని పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోకూడదని మైక్రోసాఫ్ట్ ఒక సర్దుబాటు పెట్టింది. మానిఫెస్ట్ (ఏ అనుమతితో నడవాలో విండోస్‌కు చెప్పే చీటీ) లేని 32 బిట్ ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే, విండోస్ ఆ ఫైల్‌కు ఒక కాపీ తీసి ఆ వాడకందారుడి సొంత ఫోల్డర్‌లో, యాప్‌డేటా లోపల వర్చువల్ స్టోర్ అనే చోట పెడుతుంది. ఆ తర్వాత ఆ లాగిన్‌లో చదవడం, రాయడం అంతా ఆ కాపీలోనే జరుగుతుంది. ప్రోగ్రామ్‌కు ఆ సంగతే తెలియదు. స్క్రీన్ మీద ఏ హెచ్చరికా రాదు.

అంటే యజమాని లాగిన్‌లో ఒక లెక్క, గుమస్తా లాగిన్‌లో ఇంకో లెక్క. రెండూ ఒకే ఖాళీ ఫైల్ నుంచి పుట్టాయి కాబట్టి రెండింట్లోనూ బిల్లు నంబర్లు ఒకటి నుంచే మొదలయ్యాయి. వెతికితే మూడో ఫైల్ కూడా బయటపడింది. యజమాని గారి అబ్బాయి, ప్రోగ్రామ్ ఒకసారి మొరాయిస్తే రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవడం మొదలుపెట్టాడు. అలా తెరిస్తే వర్చువల్ స్టోర్ పనిచేయదు, ప్రోగ్రామ్ నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫైల్‌లోనే రాస్తుంది. ఆ కుర్రాడి బిల్లులన్నీ అందులో ఉన్నాయి.

ఇది నిర్ధారించుకోవడానికి పైసా ఖర్చు లేదు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్ళి, కాలమ్స్‌లో యూఏసీ వర్చువలైజేషన్ అన్నదాన్ని చేర్చుకుంటే ఏ ప్రోగ్రామ్‌కు అది నడుస్తోందో కనబడుతుంది. అది సరిపోదనుకుంటే మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్‌లో ప్రాసెస్ మానిటర్ ఉంది, అది కూడా ఉచితమే. ఆ ప్రోగ్రామ్ పేరుతో ఫిల్టర్ పెడితే ప్రతి రాత ఏ దారిలో వెళ్తోందో అక్షరాలా చూపిస్తుంది. యజమానిని పక్కన కూర్చోబెట్టి అదే చూపించాను. మూడు ఫైళ్ళనూ వరసగా తెరిచాం. గుమస్తా చెప్పిన బిల్లులన్నీ ఆయన ఫైల్‌లో, ఆయన చెప్పిన తేదీలతోనే ఉన్నాయి. మూడూ కలిపి లెక్కేస్తే గోడౌన్ స్టాకుకూ పుస్తకానికీ మిగిలిన తేడా మామూలు తరుగంతే. యజమాని ఆ పూటే గుమస్తాను లోపలికి పిలిచి మాట్లాడారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనిని పెన్‌డ్రైవ్ కాపీగా చూస్తే ఒక మనిషి పరువు ఎంతవరకు పోగలదో ఈ కేసులో కళ్ళారా చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏ టూల్?

రెండు సమస్యలకూ మందు ఒకటే: ప్రోగ్రామ్‌ను ప్రతి మెషీన్‌లో సరైన చోట ఎక్కించే సెటప్ ఫైల్, అంటే ఇన్‌స్టాలర్. దాన్ని తయారుచేసే ఉచిత టూళ్ళ కోసం వెతికితే పేర్లు చాలా వస్తాయి. వాటి ఫీచర్ల పట్టికలు చూసి ఎంచుకోవద్దని నా సలహా. ముందు మీ కేసుకు ఏం కావాలో రాసుకోండి. నాకు కావలసినవి ఇవి: ఓసీఎక్స్‌లను 32, 64 బిట్ విండోస్ రెండింట్లోనూ సరైన చోట పెట్టి రిజిస్టర్ చేయాలి. డేటా ఫోల్డర్‌కు అందరూ రాయగల అనుమతి ఇవ్వాలి. కొత్త వెర్షన్ ఎక్కించినా, అన్‌ఇన్‌స్టాల్ చేసినా డేటా ఫైల్ జోలికి పోకూడదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జీఎస్టీ నంబరు అడగాలి. గుణుపూర్‌లోని విండోస్ 7 మెషీన్ మీద కూడా నడవాలి.

విండోస్‌లోనే ఉండే ఐఎక్స్‌ప్రెస్ మొదట పోయింది. అది ఫైళ్ళను ఒక ఈఎక్స్ఈగా మూటకట్టి, విప్పి, ఒక కమాండ్ నడుపుతుంది, అంతే. అన్‌ఇన్‌స్టాల్ లేదు, అనుమతుల సంగతి అసలే లేదు. విజువల్ బేసిక్ 6తో వచ్చిన పాత ప్యాకేజింగ్ విజార్డ్ ఆ కాలపు విండోస్ కోసం చేసింది, నేటి మెషీన్లకు దాన్ని నమ్ముకోలేం.

విక్స్ టూల్‌సెట్ చాలా బలమైనది. 2004లో మైక్రోసాఫ్ట్ ఓపెన్ సోర్స్‌గా బయటకు వదిలిన తొలి ప్రాజెక్టు అదే. విండోస్ సొంత ఇన్‌స్టాలర్ రూపమైన ఎంఎస్ఐ ఫైల్ తయారుచేస్తుంది కాబట్టి వందల కంప్యూటర్లున్న ఆఫీసులో ఒకచోటి నుంచే గ్రూప్ పాలసీతో పంచడానికి అదే సరైనది. మూడు కొట్లకు ఆ ఎక్స్ఎమ్ఎల్ అంతా నేర్చుకోవడం దండగ. పైగా ఆరో వెర్షన్ నుంచి, దానితో ఆదాయం పొందేవారిని మెయింటెనెన్స్ ఫీజు అడుగుతోంది. ఉచితం అన్న మాట వెర్షన్ మారితే మారవచ్చు కాబట్టి, డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ లైసెన్స్ పేజీ చదవడం అలవాటు చేసుకోండి.

చివరికి మిగిలినవి రెండు, ఎన్ఎస్ఐఎస్, ఇన్నో సెటప్. ఎన్ఎస్ఐఎస్ వినాంప్ చేసిన నల్‌సాఫ్ట్ నుంచి వచ్చింది. లైసెన్స్ చాలా ఉదారమైనది, వ్యాపారానికి వాడినా అడ్డు లేదు. తయారయ్యే సెటప్ ఫైల్ చిన్నగా ఉంటుంది. కానీ దానిలో అన్‌ఇన్‌స్టాల్ మనమే వరసగా రాసుకోవాలి. ఏ ఫైల్ తీయాలి, ఏది ఉంచాలి అన్నది మన చేతిరాత మీదే ఆధారపడుతుంది. ఇన్నో సెటప్ 1997 నుంచి జోర్డన్ రస్సెల్ నడుపుతున్నది. అది తాను పెట్టిన ప్రతి ఫైల్‌నూ లాగ్‌లో రాసుకుని, అన్‌ఇన్‌స్టాల్‌లో వాటినే తీస్తుంది. ఏది తీయకూడదో స్క్రిప్ట్‌లో ఆ ఫైల్ పక్కన పెట్టే ఒక్క ఫ్లాగ్‌తో (గుర్తు మాటతో) చెప్పొచ్చు. డేటా పోతే వ్యాపారం ఆగిపోయే చోట నాకు ఈ పద్ధతే భరోసా. ఇన్నో సెటప్ ఎంచుకున్నాను. వ్యాపారానికి వాడేవాళ్ళను లైసెన్స్ కొనమని ఆ టూల్ తయారీదారులు ఇప్పుడు కోరుతున్నారు. దానితో సంపాదించేవాళ్ళు కొనడమే న్యాయం.

మీ ప్రోగ్రామ్ వేరే భాషలో ఉంటే దారి కొంచెం మారుతుంది. పైథాన్ అయితే ముందు పైఇన్‌స్టాలర్‌తో ఫోల్డర్‌గా కట్టి, దాన్ని ఇన్నో సెటప్‌కు ఇవ్వండి. విండోస్ 7 మీద నడవాలంటే పైథాన్ 3.8 దాటి వెళ్ళకండి. జావా అయితే జేడీకే 16 నుంచి జేప్యాకేజ్ పూర్తి స్థాయిలో ఉంది, అయితే విండోస్‌లో ఇన్‌స్టాలర్ చేయడానికి అది లోపల విక్స్‌నే అడుగుతుంది. ఎలక్ట్రాన్ బిల్డర్ మామూలుగా ఎన్ఎస్ఐఎస్‌నే వాడుకుంటుంది.

కట్టిన విధానం

సోర్స్ లేదు కాబట్టి డేటా ఫైల్ ప్రోగ్రామ్ పక్కనే ఉండక తప్పదు. అందుకని ప్రోగ్రామ్ ఫైల్స్ వదిలేసి, సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ ఎంచుకున్నాను. స్క్రిప్ట్‌లో ఫోల్డర్ల సంగతి చెప్పే డిర్స్ విభాగంలో దానికి యూజర్స్ మాడిఫై (అన్ని లాగిన్లూ మార్చగల) అనుమతి ఇచ్చాను. రాయడానికి అనుమతి ఉన్న చోట వర్చువల్ స్టోర్ కలగజేసుకోదు. ఫైల్ ఒక్కదానికే అనుమతి ఇస్తే చాలదని గుర్తుంచుకోండి. యాక్సెస్ ఫైల్ తెరిచినప్పుడు దాని పక్కనే ఎల్‌డీబీ అనే తాళం ఫైల్ పుడుతుంది, దానికోసం ఫోల్డర్ మొత్తానికీ అనుమతి కావాలి. ఇందులో నష్టం లేకపోలేదు. ఎవరైనా ఆ ఈఎక్స్ఈని కూడా మార్చగలరు. సోర్స్ ఉండి ఉంటే ప్రోగ్రామ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, డేటాను ప్రోగ్రామ్‌డేటాలో పెట్టేవాణ్ణి. మీ దగ్గర సోర్స్ ఉంటే అలాగే చేయండి. ఫోల్డర్ ఎంచుకునే పేజీని మాత్రం తీసేశాను. ఎవరికి తోచిన చోట వాళ్ళు పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది.

డేటా ఫైల్‌కు రెండు ఫ్లాగులు పెట్టాను. ఒకటి, అక్కడ ఫైల్ లేకపోతేనే ఖాళీది పెట్టు. రెండు, అన్‌ఇన్‌స్టాల్‌లో ఎప్పటికీ తీయకు. వీటికి తోడు, పాత ఇన్‌స్టాలేషన్ మీద కొత్తది ఎక్కించే ముందు డేటా ఫైల్‌ను తేదీ, టైముతో బ్యాకప్ తీసే నాలుగు లైన్లు కోడ్ విభాగంలో రాశాను. ఇన్నో సెటప్‌లో ఆ కోడ్ పాస్కల్ భాషలో ఉంటుంది, కాలేజీలో చదివినవాళ్ళకు వెంటనే చేతికొస్తుంది.

ఓసీఎక్స్‌ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. పాతపట్నంలో ఎర్రర్ రాగానే ఎవరో డీఎల్ఎల్ డౌన్‌లోడ్ సైటు నుంచి ఆ ఫైల్ దించి పెట్టారు. అది చాలా ప్రమాదం. ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ పాత వెర్షన్లలో ఉన్న లోపాన్ని దొంగలు బాగా వాడుకున్నారు, మైక్రోసాఫ్ట్ 2012 ఏప్రిల్‌లో దానికోసమే ఒక సెక్యూరిటీ అప్‌డేట్ విడుదల చేసింది. కాబట్టి ఆ ఫైల్‌ను మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విజువల్ బేసిక్ 6 అప్‌డేట్ ప్యాకేజీ నుంచే తీసుకోవాలి. విజువల్ బేసిక్ రన్‌టైమ్ విండోస్‌తోనే వస్తుంది, ఓసీఎక్స్‌లు రావు. అందుకే పాత మెషీన్‌లో నడిచింది కొత్తదాంట్లో ఆగిపోయింది. స్క్రిప్ట్‌లో ఆ ఫైళ్ళకు రెగ్‌సర్వర్ (రిజిస్టర్ చేయి), షేర్డ్‌ఫైల్ (వేరే ప్రోగ్రామ్‌లూ వాడతాయి) ఫ్లాగులు పెట్టాను. గమ్యం సిస్టమ్ ఫోల్డర్ అని చెబితే చాలు, 64 బిట్ విండోస్‌లో ఇన్నో సెటప్ తానే 32 బిట్ ఫైళ్ళుండే సిస్‌వావ్64 ఫోల్డర్‌లో పెడుతుంది. వెర్షన్ పట్టించుకోవద్దని చెప్పే ఇగ్నోర్‌వెర్షన్ ఫ్లాగును మాత్రం వీటికి ఎన్నడూ పెట్టకండి. మెషీన్‌లో ఇప్పటికే కొత్త ఓసీఎక్స్ ఉంటే దాని మీద పాతది పడుతుంది.

జీఎస్టీ పేజీ ఈ సరిహద్దు వ్యాపారానికి ముఖ్యమైనది. సంస్థ పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు ముందు అక్షరం అన్నీ ప్రోగ్రామ్ పక్కనున్న ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్ నుంచి వస్తాయి. ఇంతకుముందు ఫోల్డర్ కాపీ చేస్తే పర్లాకిమిడి నంబరే పాతపట్నానికీ వెళ్ళిపోయేది. అలా వెళ్తే పాతపట్నం కొట్లో పాతపట్నం పార్టీకే కొట్టిన బిల్లు, రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీగా మారుతుంది. ఇప్పుడు సెటప్ ముందే ఏ ఊరో అడుగుతుంది. ఆ తర్వాత నంబరు 15 అక్షరాలేనా, ఆ ఊరికి మొదటి రెండంకెలు సరైనవేనా, ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్‌తో సరిపోతున్నాయా అని చూస్తుంది. ఒకే యజమాని కాబట్టి రెండు రాష్ట్రాల నంబర్లలోనూ ఆ పది ఒకటే ఉండాలి. సరిపోకపోతే ముందుకు పోనివ్వదు.

సెటప్‌లో కనబడే మాటలను తెలుగులోనూ ఒడియాలోనూ పెట్టాం, గుణుపూర్ బ్రాంచిలో ఉన్నది ఒడియా చదివే అబ్బాయి. ఇన్నో సెటప్ ఆరో వెర్షన్ పూర్తిగా యూనికోడ్‌లో పనిచేస్తుంది. మొత్తం ఫైల్ అనువదించక్కర్లేదు. ఇంగ్లీషు ఫైల్ తర్వాత కామా పెట్టి మన ఫైల్ పేరిస్తే, మనం రాసిన మాటలు మాత్రమే మారతాయి, మిగతావి ఇంగ్లీషులో ఉంటాయి. భాష గుర్తింపు సంఖ్యలు హెక్స్‌లో ఒడియాకు 0448, తెలుగుకు 044ఎ. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంట్ రెండు భాషలకూ సరిపోతుంది. విండోస్ 7లో తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ వాడాలి.

పాత లెక్కలు కలపడం

సెటప్ మొదటిసారి నడిచినప్పుడు ప్రతి లాగిన్ ఫోల్డర్‌లోని వర్చువల్ స్టోర్‌ను వెతికి, దొరికిన డేటా ఫైళ్ళన్నిటినీ ఆ లాగిన్ పేరుతో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. ఏదీ చెరపదు. వాటిని తనంతట తాను కలిపేలా నేను రాయలేదు, రాయకూడదు కూడా. ఒకే నంబరుతో రెండు బిల్లులు ఉన్నప్పుడు ఏది ఉంచాలో ప్రోగ్రామ్ నిర్ణయించకూడదు.

జీఎస్టీ నియమాల్లో 46వది బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదనీ, వరసగా ఉండాలనీ, ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే రావాలనీ చెబుతుంది. ఒకటికి మించి సిరీస్‌లు పెట్టుకోవచ్చనీ అదే నియమంలో ఉంది. పార్టీల చేతికి వెళ్ళిపోయిన బిల్లుల నంబర్లు మార్చలేం. రెండుసార్లు వచ్చిన నంబర్ల జాబితా మూడు ఫైళ్ళ నుంచి తీసి ఆడిటర్ గారికి ఇచ్చాం, వాటి సంగతి ఆయన చూసుకున్నారు. ఆ రోజు నుంచి పాత సిరీస్ మూసేసి, ఊరికొక అక్షరంతో కొత్త సిరీస్‌లు మొదలుపెట్టాం.

పంచడం, తెరవడం

పంపేముందు వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) శుభ్రమైన విండోస్ మీద పరీక్షించాను. మైక్రోసాఫ్ట్ 90 రోజుల ట్రయల్‌గా ఇచ్చే విండోస్ ఎంటర్‌ప్రైజ్ దీనికి చాలు. మన సొంత మెషీన్‌లో పరీక్షిస్తే ఓసీఎక్స్‌లు ముందే ఉంటాయి కాబట్టి లోపం బయటపడదు. మామూలు లాగిన్ ఒకటి కొత్తగా పెట్టి, రెండు లాగిన్లలోనూ ఒక్కో బిల్లు కొట్టి, రెండూ రెండుచోట్లా కనబడుతున్నాయో లేదో చూడండి. ఈ కేసులో అసలు పరీక్ష అదే.

జీమెయిల్ ఈఎక్స్ఈ ఫైళ్ళను పంపనివ్వదు, జిప్‌లో పెట్టినా ఊరుకోదు. గూగుల్ డ్రైవ్ లింక్‌తో దించుకుంటే, తెలియని ఫైళ్ళ గురించి విండోస్ హెచ్చరించే స్మార్ట్‌స్క్రీన్ నీలి పెట్టె అడ్డం వస్తుంది. డిజిటల్ సంతకం ఉంటే కొంత మేలే. కానీ 2023 జూన్ నుంచి ఆ సంతకానికి వాడే కోడ్ సైనింగ్ తాళం హార్డ్‌వేర్ టోకెన్ లాంటి భద్రమైన పరికరంలోనే ఉండాలన్న నిబంధన వచ్చింది, మూడు కొట్ల కోసం ఆ ఖర్చు పెట్టించడం న్యాయం అనిపించలేదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఆ పెట్టె రాదు, ఎందుకంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న గుర్తు ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ల మీద నిలుస్తుంది, ఫ్యాట్32 మీద నిలవదు. అలాగని పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ప్రతిదీ మంచిదని అనుకోకూడదు. అందుకే ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే ఎస్‌హెచ్ఏ 256 సంఖ్యను వాట్సాప్‌లో విడిగా పంపి, విండోస్‌లోనే ఉండే సర్ట్‌యూటిల్ కమాండ్‌తో సరిచూసుకున్నాకే నడపమన్నాను. యాంటీవైరస్ ఆపితే దాన్ని ఆఫ్ చేయమని ఎవరికీ చెప్పకండి. మైక్రోసాఫ్ట్‌కు ఆ ఫైల్ పంపి చూడమని అడిగే పేజీ ఉంది. ఈఎక్స్ఈని యూపీఎక్స్ అనే టూల్‌తో కుదించడం మానేస్తే ఆ గొడవ చాలావరకు రాదు.

ఫోన్‌లో సహాయం చేసేవాళ్ళకు ఒక మాట. స్క్రిప్ట్‌లో సెటప్ లాగింగ్ ఆన్ చేసి ఉంచండి. టెంప్ ఫోల్డర్‌లో తేదీతో ఒక టెక్స్ట్ ఫైల్ పడుతుంది. గుణుపూర్‌లో ఒక ఓసీఎక్స్ ఎక్కకపోతే, ఆ అబ్బాయి లాగ్‌ను వాట్సాప్‌లో పంపాడు, ఎక్కడ ఆగిందో చూసి ఇక్కడి నుంచే సరిచేయగలిగాం.

ఇప్పుడు మూడు చోట్లా ఒకే సెటప్ నడుస్తోంది. పర్లాకిమిడిలో ఏ లాగిన్‌తో తెరిచినా అవే బిల్లులు, అదే స్టాకు. సెటప్ స్క్రిప్ట్, ఓసీఎక్స్‌లు, భాషా ఫైళ్ళు ఉన్న ఫోల్డర్‌ను యజమానికి ఒక కాపీ ఇచ్చాను, తర్వాత ఈ పని ఎవరు చేపట్టినా వెతుక్కోనక్కర్లేదు. మిగిలిన పనులు రెండున్నాయి. గుణుపూర్ విండోస్ 7 మెషీన్‌కు 2020 జనవరితోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, అది మార్చాలి. ఎండీబీ ఫైల్ 2 జీబీ దాటి పెరగడానికి వీల్లేదు కాబట్టి ఏడాదికోసారి పాత సంవత్సరం డేటాను విడదీయాలి. ఏప్రిల్‌లో కొత్త సిరీస్ మొదలయ్యేటప్పుడు రెండూ ఒకేసారి చేద్దామని యజమానితో అనుకున్నాం.